వరి వంశావళి అన్వేషణ: గ్రాఫ్ డేటాబేస్‌లో సమర్థమైన నమూనా ప్రశ్నల రచన

సంకరణానికి జనక వంగడాలను ఎంపిక చేసే ప్రజనన శాస్త్రవేత్త ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. ఆ రెండింటికీ ఉమ్మడి పూర్వికాలు ఉన్నాయా? ఉంటే ఎన్ని తరాల వెనుక? పూర్విక సంబంధం దగ్గరైన కొద్దీ సంతతిలో లభించే వైవిధ్యం తగ్గుతుంది. అప్పుడు అనేక సంవత్సరాల ఎంపిక శ్రమకు తగిన ఫలితం దక్కకపోవచ్చు.

వంశావళిని పట్టికల రూపంలో భద్రపరిస్తే, ఒక్కొక్క తరం వెనుకకు వెళ్ళడానికి పట్టికను మరొకసారి జోడించవలసి వస్తుంది. గ్రాఫ్ డేటాబేస్‌లో ప్రతి వంగడం ఒక నోడ్, ప్రతి జనక సంబంధం ఒక బంధం. కావలసిన సంబంధాన్ని నమూనాగా రాస్తే, దానికి సరిపోయే మార్గాలను డేటాబేస్ వెదుకుతుంది. నియో4జె డేటాబేస్‌లో వాడే సైఫర్ భాషను ఆధారంగా తీసుకొని, ఇటువంటి ప్రశ్నలను సమర్థంగా రాసే విధానం ఇక్కడ వివరించబడింది.

నమోదు విధానం

మారుటేరులో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029) వశిష్ఠ, మసూరి వంగడాల సంతతి. బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) మూడు వంగడాల సంకరణ ఫలితం. జి.ఇ.బి. 24, టైచుంగ్ నేటివ్ 1 వంగడాల సంకరాన్ని మసూరితో కలపగా ఇది లభించింది. ఆ మధ్యంతర సంకరానికి పేరు లేకపోయినా దానిని ప్రత్యేక నోడ్‌గా నమోదు చేయాలి. లేనిచో తరాల లెక్క తప్పుతుంది.

ఆరంభ బిందువు

ప్రశ్న వేగం ప్రధానంగా అన్వేషణ ఎక్కడ మొదలవుతుందనే దానిపై ఆధారపడుతుంది. నోడ్‌కు ‘వంగడం’ అనే లేబుల్ ఇచ్చి, పేరుపై ఇండెక్స్ ఏర్పరిస్తే డేటాబేస్ నేరుగా సాంబ మసూరి వద్దకు చేరుతుంది. ఇవి లేకపోతే నోడ్‌లన్నింటినీ పరిశీలించవలసి వస్తుంది. పేర్లు పేర్కొనకుండా రెండు వంగడాలను విడివిడిగా అడిగితే, 5,000 వంగడాలున్న డేటాబేస్‌లో 2.5 కోట్ల జతలు ఏర్పడతాయి.

దిశ

సంతతి నుండి జనకం వైపు బాణం గుర్తు తప్పనిసరిగా ఉంచాలి. దిశ లేని నమూనా సాంబ మసూరి నుండి మసూరికి ఎక్కి, అక్కడి నుండి స్వర్ణకు, మసూరి ఇతర సంతతికి దిగుతుంది. పూర్వికాలను అడిగితే దాయాదులు కూడా వచ్చి చేరతారు. బంధం రకాన్ని పేర్కొనకపోతే విడుదల కేంద్రం, రుతువు వంటి ఇతర బంధాల వెంట కూడా అన్వేషణ సాగుతుంది.

తరాల పరిమితి

ప్రతి వంగడానికి రెండు జనకాలు ఉంటాయి కనుక, వివరాలు పూర్తిగా నమోదై ఉంటే 10వ తరానికి 1,024 మార్గాలు, 20వ తరానికి 10,48,576 మార్గాలు ఏర్పడతాయి. అందువల్ల గరిష్ఠ పరిమితి అవసరం. అయితే దానిని మరీ కుదిస్తే సమాధానమే తప్పుతుంది. ఈ నమూనాను గమనించండి:

(సాంబ మసూరి) —జనకం 1..3→ (పూర్వికం) ←జనకం 1..3— (ఐ.ఆర్. 8)

ఐ.ఆర్. 8 వంగడానికి పేటాతో పాటు డీ-జియో-వూ-జెన్ ప్రత్యక్ష జనకం. టైచుంగ్ నేటివ్ 1కు కూడా అదే జనకం. కనుక సాంబ మసూరికి అది మూడవ తరంలో తగులుతుంది. పరిమితిని 2గా ఉంచితే ప్రశ్న త్వరగా ముగుస్తుంది కాని, పొట్టితనపు జన్యువును అందించిన ఈ ఉమ్మడి పూర్వికం కనిపించదు. పరిమితిని నిర్ణయించవలసినది పంట చరిత్ర తెలిసిన శాస్త్రవేత్తయే.

బంధాల నియమం

సాధారణంగా ఒకే మ్యాచ్ నమూనాలో ఒక బంధాన్ని రెండుసార్లు దాటడం సైఫర్‌లో కుదరదు. స్వర్ణ, సాంబ మసూరిలకు పై విధంగానే ప్రశ్న రాస్తే మసూరి సమాధానంగా వస్తుంది. మసూరి జనకమైన టైచుంగ్ 65 మాత్రం మసూరి ద్వారా రాదు. ఎందుకంటే మసూరి నుండి టైచుంగ్ 65కు ఉన్న ఒకే బంధాన్ని రెండు వైపుల నుండీ దాటవలసి ఉంటుంది. సమీప పూర్వికమే కావాలంటే ఇది అనుకూలం. పూర్వికాలన్నీ కావాలంటే రెండు మ్యాచ్ వాక్యాలుగా విడదీయాలి. ఒకే పూర్వికం అనేక మార్గాల్లో పునరావృతమైతే, తదుపరి దశకు వెళ్ళే ముందే ‘డిస్టింక్ట్’ ఉపయోగించాలి.

పరిశీలన

ప్రశ్నకు ముందు ‘ఎక్స్‌ప్లెయిన్’ చేర్చితే, దానిని అమలు చేయకుండానే ప్రణాళిక కనిపిస్తుంది. ‘ప్రొఫైల్’ చేర్చితే ప్రశ్న అమలై, ప్రతి దశలో వచ్చిన వరుసలు, డేటాబేస్‌ను తాకిన సార్లు తెలుస్తాయి. వరుసల సంఖ్య ఒక్కసారిగా పెరిగిన దశలోనే సవరణ అవసరం. వేర్వేరు వంగడాలకు ఒకే ప్రశ్నను వాడేటప్పుడు పేర్లను పారామీటర్లుగా ఇస్తే, ఒకసారి రూపొందిన ప్రణాళిక తిరిగి ఉపయోగపడుతుంది.

ఖాళీ సమాధానం వచ్చినప్పుడు సంబంధం లేదని వెంటనే నిర్ధారించరాదు. నమోదు ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోవడానికి, రెండు వంగడాల వైపునా జనకాలు నమోదు కాని నోడ్‌లను విడిగా అడిగి చూడాలి. ఆ జాబితాను పరిశీలించిన తరువాతే సంకరణ నిర్ణయం తీసుకోవడం శ్రేయస్కరం.