పొగ మిగిల్చిన జబ్బుకు పరిహారం

విపత్తు జరిగిన చోటికి ముందుగా వెళ్ళేవారికి రెండు రకాల హాని జరుగుతుంది. గోడ కూలి కాలు విరగడం అప్పటికప్పుడు, పదిమంది కళ్ళముందు జరిగేది. పీల్చిన పొగ, ఒంటికంటిన రసాయనం తెచ్చే జబ్బు మాత్రం నెలల తర్వాతో ఏళ్ళ తర్వాతో బయటపడుతుంది. మన పరిహార చట్టం మొదటిదాన్ని వెంటనే గుర్తిస్తుంది, రెండోదానికి సాక్ష్యాలు అడుగుతుంది.

2025 జూలై 13 తెల్లవారుజామున తమిళనాడులోని తిరువళ్ళూరు దగ్గర డీజిల్ తీసుకెళ్తున్న గూడ్సు రైలు పట్టాలు తప్పి అంటుకుంది. 18 ట్యాంకర్ వ్యాగన్లు కాలిపోయాయి. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళను దూరంగా పంపించారు. అగ్నిమాపక సిబ్బంది మాత్రం గంటల తరబడి ఆ నల్లటి పొగ దగ్గరే ఉండి మంటలార్పారు. కాలే డీజిల్ పొగలో మసితో పాటు బెంజీన్ వంటి విషాలుంటాయి. మంటలార్పే వృత్తే క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో నిర్ధారించింది.

ఆ ప్రమాదం నాటికి అమల్లో ఉన్నది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. పాత చట్టం అగ్నిమాపక దళాల్లో పనిచేసేవారిని తన పరిధిలోకి తెచ్చింది, వృత్తివ్యాధులను ప్రమాదంతో సమానంగా చూసింది. బెంజీన్ వల్ల వచ్చే జబ్బులు దాని జాబితాలో ఉన్నాయి. కానీ అలాంటి పనిలో ఒకే యజమాని దగ్గర కనీసం ఆరు నెలలు ఎడతెగకుండా ఉండాలి. జాబితాలో లేని జబ్బయితే, పనిలో జరిగిన ఫలానా ప్రమాదం వల్లే వచ్చిందని నేరుగా రుజువు చేయాలి. ఫ్యాక్టరీ కార్మికుడిని దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ నియమం కోడ్‌లోనూ ఉంది. విపత్తులో ఒక్క పూటలో ఒంట్లోకి చేరే విషానికి ఈ కొలత సరిపోదు.

ఆ కొలత ఎవరిని వదిలేస్తుందో చెన్నై దగ్గరి ఎన్నూరులో కనిపించింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో పాటు మణలి చమురు శుద్ధి కర్మాగారం వైపు నుంచి నూనె కొట్టుకొచ్చి ఎన్నూరు కాలువలో పరుచుకుంది. మత్స్యకారులే పడవలేసుకుని మగ్గులతో, బకెట్లతో ఆ తెట్టును తోడారు. తమిళనాడు ప్రభుత్వం 8.68 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. అందులో 2,301 కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, 787 పడవలకు పది వేల చొప్పున కేటాయించారు. అదంతా పోయిన జీవనోపాధికి, పాడైన పడవలకు ఇచ్చింది. కొద్ది రోజులు నూనె తోడినవారికి రేపు చర్మవ్యాధో ఊపిరితిత్తుల జబ్బో వస్తే ఆరు నెలల నియమం దగ్గరే దారి మూసుకుపోతుంది.

న్యూయార్క్ మరో దారి ఎంచుకుంది. 2001 సెప్టెంబరు 11న కూలిన జంట భవనాల శిథిలాల్లో పనిచేసిన ప్రభుత్వ సిబ్బందికి కొన్ని జబ్బులు వస్తే, కాదని రుజువయ్యేదాకా అవి విధి నిర్వహణలో వచ్చినవిగానే ఎంచాలని 2005లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. మరుసటి ఏడాది కార్మిక పరిహార చట్టాన్నీ సవరించింది. అక్కడ పనిచేశామని ప్రమాణపత్రం ఇచ్చి పేరు నమోదు చేసుకున్నవారికి, జబ్బు ఎన్నేళ్ళకు బయటపడినా ఆలస్యం అడ్డుకాదు. జీతం లేకుండా సాయపడ్డ స్వచ్ఛంద కార్యకర్తలూ అందులో ఉన్నారు. నిజానికి ఎన్నూరులో ముందుగా జరగవలసింది అలాంటి నమోదే: ఎవరు, ఏ రోజు, ఎంతసేపు, ఏ రక్షణతో పనిచేశారన్న లెక్క, ఆ వారంలోనే చేసిన వైద్య పరీక్ష. ఆ కాగితం లేకపోతే పదేళ్ళ తర్వాత వచ్చిన దగ్గును ఆనాటి పనితో ముడిపెట్టడం ఏ డాక్టరుకైనా కష్టమే.

ఇలాంటి విపత్తులకు వెళ్ళే జాతీయ విపత్తు స్పందన దళం నాలుగో బెటాలియన్ తిరువళ్ళూరు జిల్లాలోని తిరుత్తణి పక్కనే అరక్కోణం దగ్గర ఉంది. కేంద్ర సాయుధ బలగాల నుంచి వచ్చిన ఆ జవాన్లకు మన సామాజిక భద్రతా కోడ్‌లోని పరిహారం వర్తించదు, ప్రభుత్వ ప్రత్యేక పింఛను నియమాలు వర్తిస్తాయి. కాంట్రాక్టు కూలీలకు మాత్రం ఆ కోడే ఆధారం. కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్నా, పని తన వ్యాపారంలో భాగమైతే అసలు యజమానీ బాధ్యుడే. క్లెయిముకు గడువు రెండేళ్ళు. జబ్బు విషయంలో అది పనికి వరుసగా రాలేకపోయిన మొదటి రోజు నుంచి లెక్క. దరఖాస్తును కోడ్ కింద నియమించిన అధికారికి ఇవ్వాలి. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దాటి అక్కడికి పనికి వచ్చేవారున్నారు. అలాంటివారు ప్రమాదం తమిళనాడులో జరిగినా, తాము నివసించే ప్రాంతంలోని ఆ అధికారి దగ్గరే దరఖాస్తు చేసుకోవచ్చు.