మందుతో పాటు మాట

చికిత్సకు నాలుగు పాదాలున్నవని చరక సంహిత చెబుతున్నది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే ఈ నాలుగూ సక్రమంగా ఉన్నప్పుడే వ్యాధి నయమగునని దాని భావం. తన బాధను వివరంగా చెప్పగలగడం రోగికి ఉండవలసిన గుణాలలో ఒకటిగా ఆ గ్రంథం పేర్కొన్నది. రోగి చెప్పాలంటే వినేవారు ఉండాలి కదా! నేటి ఆసుపత్రిలో ఔషధానికీ రోగికీ నడుమ నిలిచి, చిట్టచివర అతని మాట వినగలవాడు ఫార్మసిస్టు. మన పల్లెలలోని పెద్దలు అతనిని ‘కాంపౌండరు’ అంటారు. వెనుకటి దినాలలో పొడులను, ద్రావకాలను స్వయంగా కలిపి సీసాలో పోసి ఇచ్చేవాడు గనుక ఆ పేరు వచ్చింది. నేడు మందులు కర్మాగారాలలోనే తయారై వస్తున్నవి. కలిపే పని చాలవరకు పోయింది. చెప్పే పని మిగిలింది.

ధర్మాసుపత్రికి వచ్చే కూలివాడు ఒక దినం కూలి వదులుకొని వస్తాడు. చీటీ కొరకు ఒక వరుస, వైద్యుని గది ముందు ఒక వరుస, మందుల కిటికీ వద్ద మరొక వరుస. “పొద్దున ఒకటి, రాత్రి ఒకటి” అన్న మాట చెవిని పడేలోగా వెనుకనున్నవారు తొందరపెడతారు. కిటికీ లోపలివాని కష్టమూ తక్కువ కాదు. వరుస పొడవు, చేతులు రెండే. అయినను రోగి తీర్పు వేరొక త్రాసులో తూగుతుంది. మందు నాణ్యతను నిర్ణయించే శక్తి అతనికి లేదు. తనను మనిషిగా చూచి మాట్లాడినారా, లేదా అన్నది మాత్రం అతనికి స్పష్టంగా తెలుసు.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది. దీర్ఘవ్యాధులకు మందులు వాడేవారిలో, సంపన్న దేశాలలో సైతం, దాదాపు సగం మందే వాటిని చెప్పిన ప్రకారం వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రకటించింది. క్షయవ్యాధినే తీసుకొందాం. సామాన్య క్షయకు చికిత్స కనీసం 6 నెలలు సాగాలి. అందులో రిఫాంపిసిన్ అనే మందు వలన మూత్రం నారింజ ఎరుపు రంగుకు మారుతుంది. ఇది హాని కాదు. కాని ముందుగా చెప్పనివారికి అది రక్తమనిపిస్తుంది. భయపడి మందు మానుతారు. మధ్యలో మానిన క్షయ మందులకు లొంగని మొండి వ్యాధిగా మారవచ్చు. గర్భిణికి ఇచ్చే ఇనుము మాత్రల వలన మలం నల్లబడుతుందనీ, వాటిని తేనీటితో మింగితే ఫలం తగ్గుతుందనీ చెప్పడానికి అరనిమిషం చాలు. చక్కెర వ్యాధి గల ఉపవాసి రంజాన్ మాసంలో మందువేళలను తనంతట తానే మార్చుకొంటే, కొన్ని మందుల వలన రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. “రోజా ఉంటారా? ముందుగా డాక్టరుగారిని అడగండి” అన్న ఒక్క హెచ్చరిక అతనిని కాపాడగలదు.

ఆ మాట ఏ భాషలో చెప్పాలన్నది మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో మరింత ముఖ్యమైన ప్రశ్న. ఇది కన్నడ సీమకు సరిహద్దు. తెలుగువాని మందు కన్నడిగునికి మద్దు, ఉర్దూ మాట్లాడేవానికి దవా. ‘పరగడుపున’ అంటే అర్థం కాని అవ్వకు ‘నిహార్ ముంహ్’ అంటే వెంటనే బోధపడుతుంది. మందుపొట్లం మీది ఆంగ్లాక్షరాలు ముగ్గురికీ సమానంగా పరాయివే. పదకొండవ శతాబ్దపు మహాపండితుడు అల్ బిరూనీ తన ఔషధ గ్రంథమైన ‘కితాబ్ అస్ సైదనా’లో మందుల పేర్లను అరబ్బీ, పారసీ, గ్రీకు, సిరియా భాషలతో పాటు భారతీయ నామాలతోనూ పొందుపరచినాడు. ఔషధజ్ఞానం భాషల హద్దులు దాటవలెనని ఆనాడే గుర్తించినవాడాయన.

దేవరగట్టు విషయం చూడండి. హొళగుంద మండలంలోని ఈ కొండపై మాళమల్లేశ్వరస్వామికి విజయదశమి రాత్రి బన్ని ఉత్సవం జరుగుతుంది. ఉత్సవమూర్తుల కొరకు చుట్టుపట్ల గ్రామాలవారు కర్రలతో తలపడటం ఆచారం. ఏటా పలువురికి గాయాలవుతవి. ప్రభుత్వం అక్కడ వైద్య శిబిరం ఏర్పాటు చేస్తుంది. గాయపడినవారిలో అనేకులకు అది గాయం కాదు, మొక్కుబడి. పసుపు అద్దుకొని సాగిపోతారు. అటువంటి వానితో “బుద్ధి లేదా?” అని మొదలుపెడితే అతడు తిరిగి శిబిరం ముఖం చూడడు. అతని భక్తిని గౌరవించి, “స్వామి పసుపు నుదుట ఉండనీ నాయనా, గాయాన్ని మాత్రం శుభ్రంగా కడగనీ. ధనుర్వాతం సూది వేయించుకో. ఈ మాత్రలు తిన్న తరువాతనే వేసుకో. వాంతులైనా, మగతగా ఉన్నా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళు” అన్నవాని మాట మనస్సున నిలుస్తుంది.

పనులు లేని కాలంలో ఈ ప్రాంతపు కుటుంబాలు సుగ్గికి గుంటూరు మిరప చేలకు, బెంగుళూరుకు తరలిపోవడం మనమెరిగినదే. “ఎప్పుడు బయలుదేరుతున్నారు? మందులెన్ని దినాలకు కావాలి? అయిపోతే అక్కడ ఏ ఆసుపత్రిలో తీసుకోవాలి?” అని అడిగే ఫార్మసిస్టు లేకుంటే చికిత్స బస్సు ఎక్కిన నాడే ఆగిపోతుంది.

చట్టమూ ఈ మాటను కోరుతున్నది. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం వైద్యుని చీటీపై మందులు ఇచ్చే అర్హత నమోదైన ఫార్మసిస్టుదే. మందు పేరు, ప్రయోజనం, వాడే విధానం, దుష్ఫలితాలు, నిలువ ఉంచే పద్ధతి రోగికి వివరించడం అతని విధి అని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు చెబుతున్నవి. అమెరికాలో పేదల వైద్య పథకం క్రింద మందులు పొందేవారికి ఇటువంటి సలహా అందించవలెనని 1990లోనే చట్టం చేసినారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నమ్మకం ముదిరి కొందరు మందుల దుకాణందారునే వైద్యునిగా భావిస్తున్నారు. చీటీ లేకుండా రెండు యాంటిబయోటిక్ మాత్రలు కొనుక్కొని సరిపెట్టుకొంటున్నారు. “ఇది నా పని కాదు, డాక్టరు వద్దకు వెళ్ళండి” అని చెప్పగలగడం కూడా ఆదరణయే. అడిగినదల్లా ఇచ్చేవాడు ఇష్టుడు కావచ్చును గాని హితుడు కాడు.

విద్యార్థులారా! ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివినవారికి రెండేండ్ల డిప్లొమా, నాలుగేండ్ల బి.ఫార్మసీ, 2008లో ప్రారంభమైన ఆరేండ్ల ఫార్మ్.డి. కోర్సులున్నవి. మీలో కొందరు రేపు ఆ కిటికీ లోపల నిలువవచ్చు. తక్కినవారు ఈనాడే ఒక పని చేయవచ్చు. ఇంటి పెద్దలను ఆసుపత్రికి తీసుకొనిపోయినప్పుడు ఈ మందు దేనికి, ఎప్పుడు, ఎన్నాళ్ళు, ఒక పూట మరచిపోతే ఏమి చేయాలి అని కిటికీ వద్ద అడగండి. విన్న జవాబును అవ్వకు ఆమె భాషలో చెప్పండి. చదువుకొన్నందుకు మనం తీర్చవలసిన ఋణాలలో ఇది చిన్నదే. కాని ఫలితం చిన్నది కాదు.