దొంగ చేతి నుండి, మన చేతి నుండి

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని రైతు ఒకాయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చారు. "బాబూ, ఇది కాస్త చదివి పెట్టు. మావాడి క్రెడిట్ కార్డు లెక్కట. ఎవడో దొంగ ఆరు వేల రెండు వందలు లాగేశాడు" అన్నారు. ఆయన కుమారుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితులతో కలిసి మూడు రోజులు గోవా వెళ్లివచ్చాడు.

కాగితం చదివాను. ఆయన చెప్పిన 6,200 రూపాయలు ఉన్నాయి. ఆ పై వరుసలో నగదు కింద తీసిన 50,000 రూపాయలు కూడా ఉన్నాయి. "ఇది కూడా దొంగ పనేనా బాబాయిగారూ?" అని అడిగాను. ఆయనకు తెలియదు. సాయంత్రం కుమారుడికి ఫోను చేస్తే నిజం బయటపడింది. ఆ డబ్బు ఎవరూ దొంగిలించలేదు. పడవ మీది క్యాసినోలో పోకర్ ఆడడానికి అతడే తీశాడు.

కొన్ని వారాలకు 6,200 రూపాయలు బ్యాంకు తిరిగి ఇచ్చింది. 50,000 మాత్రం తిరిగి రాలేదు, రావు కూడా. చదువరులారా, మన కుటుంబాలు నేర్చుకోవలసిన పాఠం ఇందులోనే ఉంది. కార్డును రెండు చేతుల నుండి కాపాడుకోవాలి: ఒకటి దొంగ చేయి, రెండోది మన చేయి.

కార్డులో ఉన్నది మన డబ్బు కాదు

ఏటీఎం కార్డు గీస్తే మన ఖాతాలోని డబ్బు పోతుంది. క్రెడిట్ కార్డు గీస్తే బ్యాంకు మనకు అప్పు ఇస్తుంది. వస్తువు కొని, గడువులోగా మొత్తం బాకీ కట్టేస్తే సాధారణంగా వడ్డీ పడదు. కానీ అదే కార్డుతో నగదు తీస్తే ఆ రోజు నుండే వడ్డీ మొదలవుతుంది. తీసినందుకు రుసుము వేరే.

మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటేనే గుండె దడదడలాడుతుంది. చాలా క్రెడిట్ కార్డుల వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయల దాకా ఉంటుంది. 50,000 నగదు తీసినవాని సంగతి చూడండి. నూటికి రెండున్నర చొప్పున రుసుము 1,250. మొదటి నెల వడ్డీ 1,750. ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్‌టీ 540. అంటే ఒక్క నెలకే 3,540 రూపాయలు అసలు కాక అదనం. "కనీస మొత్తం కడితే చాలు" అని బిల్లు మీద ఉంటుంది. అది కడుతూ పోతే అసలు తరగడానికి ఏళ్లు పడుతుంది.

దొంగ చేతి నుండి

ప్రయాణాలలో పాటించవలసిన జాగ్రత్తలు కష్టమైనవేమీ కావు.

కార్డును మీ కళ్ల ముందే గీయించండి. పెట్రోలు బంకులోనైనా హోటల్లోనైనా, కార్డు పట్టుకుని లోపలికి వెళ్లనివ్వకండి. పిన్ నొక్కేటప్పుడు రెండో చేతితో కప్పుకోండి. 2021 జనవరి నుండి 5,000 రూపాయల వరకు పిన్ లేకుండా, కార్డును మిషనుకు తాకించి చెల్లించే వీలుంది. ఆ సౌకర్యం అక్కరలేకపోతే ఆపివేయండి. బ్యాంకు యాప్‌లో కార్డు వాడకాన్ని మనమే ఆపుకునే, తెరుచుకునే ఏర్పాటు ఉండాలని రిజర్వు బ్యాంకు 2020లోనే ఆదేశించింది. ఖర్చు పరిమితిని కూడా అక్కడే తగ్గించుకోవచ్చు.

అమెరికాలో ఉన్న బిడ్డలను చూడడానికి వెళ్లే తల్లిదండ్రులు విదేశీ వాడకాన్ని ఆ రోజులకు మాత్రమే తెరిచి, తిరిగి రాగానే మూసివేయాలి. అక్కడి దుకాణంలో "రూపాయల్లో కడతారా, డాలర్లలోనా?" అని మిషను అడిగితే డాలర్లే ఎంచుకోండి. రూపాయలు అంటే దుకాణం వైపు మారకపు రేటు పడి, సాధారణంగా ఎక్కువ పోతుంది.

కార్డు పోయినా, తెలియని ఖర్చు మెసేజ్ వచ్చినా వెంటనే బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించండి. ఆ నంబరు ఫోనులోనే కాక, చిన్న కాగితం మీద రాసి వేరే సంచిలో పెట్టుకోండి. మోసం జరిగితే 1930 నంబరుకు కూడా ఫిర్యాదు చేయాలి. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మన తప్పు లేకుండా బయటివారు చేసిన మోసాన్ని 3 పనిదినాలలోగా బ్యాంకుకు తెలిపితే నష్టం మన మీద పడదు. ఆలస్యమైతే కొంత మనమే భరించాలి. ఓటీపీ, పిన్ మనమే చెప్పివుంటే ఫిర్యాదు చేసేంతవరకు పోయినదంతా మనదే.

ఆ అబ్బాయి మెసేజ్ చూసిన రోజే ఫోను చేశాడు. అందుకే 6,200 తిరిగి వచ్చాయి.

బల్ల దగ్గర లెక్క

రెండో చేయి మనదే. ఇంటి దొంగను పట్టడం కష్టమంటారు పెద్దలు.

సంక్రాంతికి మన ఊళ్లలో పేకాట, గుండాట బల్లలు వేయడం అందరం చూశాం. పోలీసులు వస్తున్నారంటే పరుగులు తీస్తారు. గోవాలో 1992లోను, 1996లోను చేసిన చట్ట సవరణలతో పెద్ద హోటళ్లలో మిషన్ల ఆటకు, పడవల మీద బల్ల ఆటలకు అనుమతి వచ్చింది. పణజీ దగ్గర మాండవి నదిలో ఆ పడవలు నిలిచివుంటాయి. చట్టం అనుమతించింది గనుక ప్రమాదం లేదనుకుంటారు కుర్రవాళ్లు. లెక్క చూద్దాం.

రూలెట్ అనే ఆటలో తిరిగే చక్రానికి 37 గడులుంటాయి. ఒక్కో గడి మీద 100 చొప్పున అన్నింటి మీదా పెట్టామనుకోండి, 3,700 అవుతుంది. ఏదో ఒక గడి తప్పక గెలుస్తుంది. చేతికి వచ్చేది 3,600. అంటే అన్ని గడులూ మనవే అయినా చక్రం తిరిగిన ప్రతిసారీ 100 పోతుంది!

పోకర్ వేరు, అందులో తెలివి ఉంది అంటారు. నిజమే. కానీ ఆ తెలివి ఎవరిది? రోజూ ఆ బల్ల దగ్గర కూర్చునేవానిది. మూడు రోజుల సెలవు మీద వెళ్లినవాడు అతనికి వచ్చిన పంట. పైగా ఎనిమిదిమంది తలా 10,000 తెచ్చారనుకోండి, బల్ల మీద 80,000 ఉంటాయి. అక్కడ కొత్త డబ్బు పుట్టదు. ఆట నడిపేవారు దాదాపు ప్రతి పందెంలోంచి కొంత వాటా తీసుకుంటారు, లేదా కూర్చున్న సమయానికి రుసుము తీసుకుంటారు. తెల్లవారేసరికి ఎనిమిది జేబులూ కలిపి చూసినా 80,000 ఉండవు. గెలిచినవానికీ పూర్తిగా దక్కదు. గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను ఉంది. ఓడినదాన్ని అందులోంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు.

ఇంకొక సంగతి. అక్కడ నోట్లతో కాక, చిప్స్ అనే రంగు బిళ్లలతో ఆడతారు. కార్డు గీసినప్పుడు నోటు కనబడదు. బిళ్ల పెట్టినప్పుడూ నోటు కనబడదు. నాన్న చెమట అంతకన్నా కనబడదు.

మన చేతి నుండి

కాబట్టి ప్రయాణానికి ముందే ఇంట్లో కూర్చుని ఖర్చు రాసుకోండి. కార్డు పరిమితిని అంతకే తగ్గించండి. నగదు తీసే వీలు మూసివేయండి. జూదం ఉన్న చోటికి స్నేహితులు పిలిస్తే గుమ్మం దగ్గరే "నేను రాను" అనండి. బల్ల దగ్గర కూర్చున్నాక ఆ మాట నోటికి రాదు. పోయినదాన్ని రాబట్టుకోవాలన్న ఆశ నోరు నొక్కుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డ తప్పు చెప్పుకోవడానికి వస్తే ముందు వినండి. తిట్లకు భయపడి దాచిన అప్పు మరో కార్డుతో తీర్చబోయి రెండింతలవుతుంది. ఇల్లు విడిచి, ఉన్నదంతా పాడుచేసుకుని తిరిగివచ్చిన కుమారుని తండ్రి ఎలా ఎదుర్కొన్నాడో మనకు తెలియనిది కాదు.

మా రైతు అలాగే చేశారు. కుమారుడిని పిలిపించి కేకలు వేయలేదు. చెల్లెలి నర్సింగు ఫీజు కోసం దాచిన డబ్బు తెచ్చి మధ్యలో పెట్టారు. "ముందు వడ్డీ ఆపుదాం. దాని ఫీజు గడువుకు ఇంకా నాలుగు నెలలుంది. అది నువ్వు కట్టాలి" అన్నారు. ఆ కుర్రవాడు అక్కడే ఏడ్చాడు. నెలనెలా జీతంలోంచి పంపి గడువులోగా ఫీజు పూర్తి చేశాడు. ఆ చెల్లెలు ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతోంది.

బాకీ తీరాక కార్డు ఉంచాలా, తీసేయాలా అని నన్ను అడిగాడు. "ఉంచుకో, కానీ పరిమితి ఎంతో మీ నాన్నగారికి చెప్పి ఉంచుకో" అన్నాను. ఈ నెల మీ ఇంట్లో కుటుంబ ప్రార్థన ముగిశాక, ఎవరి కార్డు మీద ఎంత బాకీ ఉందో ఒకరికొకరు చెప్పుకోండి.