మైళ్ల పంట

బోధన్ ప్రాంతపు రైతులకు చెరకు తూకాన్ని గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1931 నాటికి నిజాంసాగరు పూర్తయి, మంజీరా నీరు కాలువలకెక్కిన పిమ్మట ఈ నేల చెరకుసీమ అయినది. 1937లో శక్కర్‌నగర్‌లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడినది. అయినా రైతుల అనుభవజ్ఞానం చెరగలేదు. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే బరువూ తగ్గుతుంది, లోపలి చక్కెరా తగ్గుతుంది. కాటా చీటీ మీద ఎన్ని టన్నులున్నా చివరకు వచ్చే చక్కెర ఇంచుమించు పదోవంతే. ఈ రెండు సత్యాలూ గుర్తుంచుకొంటే, విమానసంస్థలు ప్రయాణికుల పేర జమకట్టే 'మైళ్ల' సంగతి సులభంగా బోధపడుతుంది.

విమానపు మైళ్లతో మనకేమి పని అని పాఠకులు అనుకోవచ్చును. నిజామాబాదు జిల్లాలో గల్ఫుకు మనిషిని పంపని పల్లె అరుదు. నా విద్యార్థి ఒకని తండ్రి పదహారేండ్లు దుబాయిలో పనిచేశాడు. రెండేండ్లకొక సెలవు. అనగా ఎనిమిదిమార్లు రాకపోకలు. ఆ ఇల్లాలు మాత్రం భర్త ఉన్న ఊరు ఏనాడూ చూడలేదు. "మీ పేర మైళ్లేమైనా జమ అయినవా?" అని ఆయనను అడిగాను.

"గవి ఉంటయని మాకెవలు చెప్పిండ్రు సార్? ఏజెంటు టికెట్టు చేతుల పెట్టిండు, ఎక్కినం, దిగినం" అన్నాడాయన.

ఈ పద్ధతికి నేటి రూపం 1981 మే నెలలో ఏర్పడినది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తరచు ప్రయాణించేవారి పేర ఖాతాలు తెరిచి, ఎగిరిన దూరాన్ని జమకట్టి, అది కొంత మొత్తమైన పిమ్మట టికెట్టు ఇవ్వసాగినది. క్రమంగా తక్కిన సంస్థలూ ఆ బాటనే పట్టినవి. 2015లో డెల్టా, యునైటెడ్ సంస్థలు దూరాన్ని విడిచి, చెల్లించిన ధరను కొలమానంగా గైకొన్నవి. ఆ మార్పుతో చౌక టికెట్టు కొన్న శ్రామికుని వాటా తగ్గి, ఖరీదైన ఆసనంలో కూర్చున్నవాని వాటా పెరిగినది.

ఇక లెక్క చూతము. హైదరాబాదు నుండి దుబాయి సుమారు 1,600 మైళ్లు. పోనురాను 3,200. ఎనిమిదిమార్లకు 25,600. దూరాన్ని బట్టి చూస్తే ముచ్చటైన సంఖ్యే. కాని ఎమిరేట్స్ వారి స్కైవార్డ్స్ మైళ్లకు ఆయువు మూడేండ్లు. కనుక ఆయన ఖాతా తెరిచి ఉన్నా, ఏనాడు చూసినా రెండు ప్రయాణాల మైళ్లకు మించి నిలిచేవి కావు. తక్కినవి నరికి వదిలిన చెరకువలె ఎండిపోయేవే.

మరి ఉపాయమేమి? ఒంటరి ఖాతాలో ఎండిపోయేది ఉమ్మడి ఖాతాలో పంటకు రావచ్చును. స్కైవార్డ్స్‌లో కుటుంబసభ్యులు తమ మైళ్లను ఒకచోట చేర్చుకొనే ఏర్పాటున్నది. ఖతార్ ఎయిర్‌వేస్ వారి ఏవియోస్ పాయింట్లు 36 నెలలలో ఒక్కమారైనా జమగాని ఖర్చుగాని జరిగితే బ్రతికే ఉంటవి. ఖాతా తెరవటానికి రుసుము లేదు. టికెట్టు కొనేనాడే ఖాతాసంఖ్య వ్రాయించటం, బోర్డింగ్ పాసు భద్రపరచటం మరువరాదు. కొన్ని బ్యాంకు కార్డుల పాయింట్లను కూడ మైళ్లుగా మార్చుకోవచ్చును. అయితే మైళ్ల ఆశతో కార్డు మీద అప్పు చేసి వడ్డీ కట్టేవాడు బెల్లపు ముక్క కొరకు తోటను తాకట్టు పెట్టినవాడే.

ఉచితమనే మాటను నమ్మరాదు. మైళ్లతో తీసుకొన్న టికెట్టుకూ పన్నులు, రుసుములు రొక్కంగా చెల్లించవలసినదే. రెండేండ్లు నిండిన పిల్లవానికీ ఆసనం కావలెను గనుక సాధారణంగా పెద్దవారితో సమానంగానే మైళ్లు పోతవి. అట్టి ఆసనాలు పరిమితం. వేసవి సెలవులలో నలుగురికి ఒకేమారు దొరకటం దుర్లభం. కనుక తేదీ ముందుగా నిర్ణయించుకొని, రొక్కపు ధరలోనుంచి ఆ పన్నులను తీసివేసి, మిగిలే మొత్తానికి ఎన్ని మైళ్లు పోతున్నవో సరిచూడవలెను. ఒక్కొక్కప్పుడు చౌక టికెట్టు కొనటమే మేలు.

నా విద్యార్థి ఇప్పుడు దుబాయిలోనే ఉద్యోగి. అతని అన్న కూడ అక్కడనే ఉన్నాడు. అన్నదమ్ములు మైళ్లను ఒకచోట చేర్చి, దసరా సెలవులలో తల్లికి మైళ్లతో టికెట్టు తీసుకొన్నారు. తండ్రికి చౌక ధర చూసి రొక్కంతో కొన్నారు. ఎత్తైన మేడలన్నీ చూపిన పిదప తండ్రి ఆమెను తాను ఉండిన శిబిరపు గోడవద్దకు తీసుకొనిపోయినాడట. ఆమె చాలాసేపు చూచి, "గీ గోడెనుకనేనా గిన్నేండ్లు ఉన్నది?" అని మాత్రం అన్నదట.

ఉపాధ్యాయ సోదరులు తరగతిలో ఒక గంట ఈ లెక్కను చేయించవలెనని నా మనవి. దూరం, కాలవ్యవధి, శాతం అన్నీ ఇందులో ఉన్నవి. ఆ తరగతిలో తండ్రిని దూరదేశంలో ఉంచుకొన్న పిల్లలు కొందరైనా ఉంటారు. వారు ఇంటికి పోయి, తండ్రికి ఫోనులో ఈ సంగతి తప్పక చెప్పుతారు.