మెరైన్ ట్యాంకుకి ఏ ఇసుక? ముందు చేపని అడగండి!

నీలి వెలుతురు, తెల్లటి ఇసుక, మధ్యలో నారింజరంగు క్లౌన్‌ఫిష్... రీల్స్‌లో ఉప్పునీటి అక్వేరియం కనిపిస్తే 'మనింట్లోనూ ఒకటి ఉంటే!' అనిపిస్తుంది కదా. లైటు కోసం, ఫిల్టర్ కోసం నెల రోజులు రివ్యూలు చూసేవాళ్లు కూడా ఇసుక దగ్గరికొచ్చేసరికి 'తెల్లగా ఉంటే చాలు' అనేస్తారు. లైటు నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. ఇసుక మార్చాలంటే మాత్రం ట్యాంకు మొత్తాన్నీ కదిలించాల్సిందే. పైగా కొన్ని చేపలకి అది అలంకారం కాదు... పడక, ఇల్లు, కంచం కూడా!

బీచ్ ఇసుక తెచ్చుకుంటే పోలా?

విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఉండేవాళ్లకి ముందు వచ్చే ఆలోచన ఇదే. వద్దు. మన తీరంలో ఇసుక ఎక్కువగా నదులు మోసుకొచ్చిన క్వార్ట్జ్. భీమిలి వైపు కనిపించే నల్లటి చారలు ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలవి. నల్ల ఇసుకలో కొన్ని రేణువులు అయస్కాంతానికి అంటుకుంటాయి. అద్దం తుడిచే మ్యాగ్నెట్ క్లీనర్‌కి అవి పట్టాయంటే గ్లాసు నిండా గీతలే. మురుగునీరు కలిసే తీరమైతే ఇసుకతో పాటు ఇంకేం ఇంటికొస్తాయో చెప్పలేం. తీరంలో ఇసుక తవ్వకంపై ఆంక్షలూ ఉన్నాయి.

షాపులో ఏమని అడగాలి?

'ఆరగొనైట్' అని అడగండి. ఇది కాల్షియం కార్బొనేట్... పగడాల, గవ్వల ఒంట్లో ఉండే పదార్థమే. అమ్మేది అసలుదో కాదో తేల్చుకోవడం సులువు. చెంచాడు ఇసుక మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి. బుడగలొస్తే కార్బొనేట్, రాకపోతే మామూలు ఇసుక.

అయితే 'ఇది వేస్తే పీహెచ్ సంగతి మర్చిపోవచ్చు' అంటే నమ్మకండి. మెరైన్ ట్యాంకులో పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉండాలి. ఆ స్థాయిలో ఆరగొనైట్ పెద్దగా కరగదు. టెస్ట్ కిట్ ఉండాల్సిందే. ఇంకోమాట... దిబ్బలు కట్టే పగడాలకి మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని పగడపు ముక్కల జోలికి పోవద్దు.

రవ్వా, ఆవాలా, కందిపప్పా?

రేణువు సైజుని వంటింటి లెక్కలో చూద్దాం.

బొంబాయి రవ్వంత: ఒక మిల్లీమీటరు లోపు. చూడ్డానికి బాగుంటుంది. వేవ్‌మేకర్ గట్టిగా తిరిగితే మాత్రం ఎగిరి పగడాల మీద పడుతుంది.

ఆవగింజంత: 1-2 మిల్లీమీటర్లు. ప్రవాహానికి అంతగా ఎగరదు, శుభ్రం చేయడం తేలిక. కొత్తవాళ్లకి ఇదే మేలు.

కందిపప్పంత: 3-5 మిల్లీమీటర్లు. సందుల్లో మిగిలిన మేత, మలం ఇరుక్కుని కుళ్లుతాయి. నైట్రేట్ పెరుగుతుంది.

చేప ఏమంటోంది?

క్లౌన్‌ఫిష్‌కి ఇసుకతో పెద్దగా పనిలేదు. చాలా రకాల రాస్ చేపలు మాత్రం రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి. వాటికి మెత్తటి ఇసుక, కనీసం 5 సెంటీమీటర్ల లోతు కావాలి. డైమండ్ గోబీ నోటినిండా ఇసుక తీసుకుని, జల్లెడ పట్టినట్టు తిండి ఏరుకుని మిగతాది మొప్పల గుండా వదిలేస్తుంది. గరుకు ముక్కలు వేస్తే దాని తిండికే ఎసరు! జాఫిష్ బొరియ తవ్వుకుంటుంది. దానికి ఇసుకలో చిన్న రాళ్లు కలిపి, ఇంకా లోతుగా పోయాలి.

ఇవేవీ పెంచనివాళ్లకి 3-4 సెంటీమీటర్లు చాలు. 10 సెంటీమీటర్లు దాటితే అడుగున ఆక్సిజన్ అందక వేరే రకం బ్యాక్టీరియా చేరి నైట్రేట్‌ని తగ్గిస్తుంది. కానీ ఆ పొరని కెలికితే కుళ్లిన కోడిగుడ్డు వాసనొచ్చే విషవాయువు బయటికి రావచ్చు. కొత్తల్లో ఆ ప్రయోగం వద్దు.

ఎన్ని కిలోలు?

పొడవు, వెడల్పు, ఇసుక మందం... మూడూ సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. లీటరుకి సుమారు కిలోన్నర. 90×45 ట్యాంకులో 4 సెంటీమీటర్లకి దాదాపు 24 కిలోలు. కొనేటప్పుడే స్టాండు ఆ బరువు కూడా మోస్తుందో లేదో చూసుకోండి.

వేసే పద్ధతి

పొడి ఇసుకని బియ్యం కడిగినట్టు, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. 'లైవ్ శాండ్' ప్యాకెట్‌ని మాత్రం కడగొద్దు, అందులో బ్యాక్టీరియా ఉంటుంది. ముందు రాళ్లని ట్యాంకు అడుగున కుదురుగా పెట్టి, తర్వాతే ఇసుక పోయండి. ఇసుక మీద రాళ్లు పేర్చారనుకోండి, గోబీ కింద తవ్వేస్తే రాయి ఒరిగి చేప మీదో, అద్దం మీదో పడుతుంది. లైవ్ శాండ్ వేసినా అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చేదాకా చేపల్ని వదలొద్దు. దీనికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఈలోపు తెల్లటి ఇసుక మీద గోధుమరంగు పొర వస్తే కంగారుపడకండి. కొత్త ట్యాంకుల్లో అది మామూలే, చాలావరకు దానంతటదే పోతుంది.

కాబట్టి షాపుకెళ్లే ముందు ఫోన్‌లో రాసుకోవాల్సింది ఇసుక బ్రాండ్ కాదు, మీరు పెంచబోయే చేపల పేర్లు. ఆ లిస్టు ఉంటే ఎంత సన్నం, ఎంత లోతు అన్నది అదే చెప్పేస్తుంది.