ముఖానికి తగిన చట్రం

ఇంద్రియాలన్నింటిలో నయనమే ప్రధానమని పెద్దల మాట. ఆ నయనానికి తోడు నిలిచేవి సులోచనాలు. నిత్యం ముఖం మీద ఉండే వస్తువు కనుక వాటిలో అందాన్ని కోరుకోవడం సహజం. హైదరాబాదు తూర్పు భాగాన గల లాలాపేటలోనైనా, నాచారంలోనైనా కళ్ళజోళ్ళ దుకాణంలో అడుగుపెట్టిన విద్యార్థి అద్దం ముందు నిలిచి మొదట చూసేది చట్రం రంగునూ, ఆకారాన్నే. అది దేనితో తయారైనదో అడిగేవారు తక్కువ. కాని ఆ అందం ఎన్నాళ్ళు నిలుస్తుందో తేల్చేది పదార్థమే.

పూర్వం సముద్రపు తాబేటి చిప్పతో చేసిన చట్రాలను ఎంతో విలువైనవిగా భావించేవారు. ఆ మోజు మూగజీవాల ప్రాణం మీదికి వచ్చింది. 1975లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ఆ వ్యాపారానికి అడ్డుకట్ట వేసింది. నేడు అదే మచ్చల సొగసును అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో సాధిస్తున్నారు. పత్తి, కలపలలోని సెల్యులోజ్ దీనికి మూలం. ఇందులో రంగు పైపూత కాక లోపలిదాకా వ్యాపించి ఉంటుంది. నిండైన రూపాన్ని కోరేవారికి ఇది తగినది. హ్రస్వదృష్టి ఎక్కువగా గలవారి అద్దాల అంచులు మందంగా ఉంటాయి. ఈ చట్రపు దళసరితనం వాటిని మరుగుపరుస్తుంది. వేడికి మెత్తబడే గుణం వల్ల దుకాణదారుడు దీనిని చెవులకు అనువుగా వంచగలడు. ఆ గుణం వల్లనే మండుటెండలో నిలిపిన వాహనంలో వదిలితే ఇది వంకరపోవచ్చు.

సన్నని, నిరాడంబరమైన రూపాన్ని ఇష్టపడేవారు లోహాన్ని ఎంచుకుంటారు. చవక చట్రాలలో సాధారణంగా నికెల్ కలిసిన మిశ్రమలోహాలను వాడి, పైన పూత పూస్తారు. చెమటకు ఆ పూత అరిగిపోతే నికెల్ సరిపడని చర్మంపై దురద, దద్దుర్లు పుడతాయి. యంత్రాల వేడిలో పనిచేసేవారు ఈ సంగతి గమనించాలి. స్వచ్ఛమైన టైటానియంతో ఈ బాధ ఉండదు. దాని బరువు అంతే పరిమాణం గల ఉక్కు బరువులో 60 శాతం కంటె తక్కువ. ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో దాని ఖనిజమైన ఇల్మెనైట్ ఉంది. హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగమ్ రక్షణ, అంతరిక్ష రంగాలకు టైటానియం మిశ్రమలోహాలను తయారుచేస్తున్నది. అయితే ఖనిజం నుంచి ఈ లోహాన్ని వేరుచేయడం కష్టసాధ్యం. అందుకే దాని ధర అధికం. ఆటలాడేవారికి, తక్కువ ఖర్చులో తేలికదనం కోరేవారికి వంగినా విరగని నైలాన్ జాతి చట్రాలు మేలు.

ముక్కును నొక్కే చట్రం, నలుగురిలో సిగ్గుపడేలా చేసే చట్రం ఎంత ఖరీదైనదైనా పెట్టెలోనే ఉండిపోతుంది. అప్పుడు నల్లబల్లపై అక్షరాలు మసకబారుతాయి; చదువు వెనుకబడుతుంది. గాంధీజీ ధరించిన గుండ్రని కళ్ళజోడు సాదాసీదాది. అయినా అది ఆయన వ్యక్తిత్వానికి గుర్తుగా నిలిచి, 2014లో స్వచ్ఛభారత్ ఉద్యమానికి చిహ్నమైంది. తన చర్మానికి, చూపుకు, పనికి సరిపడి, ఉదయం నుంచి రాత్రి వరకు తీయాలనిపించని చట్రమే ఎవరికైనా నిజమైన అలంకారం.