నీలి తెర వెనుక ఒక్క బిట్టు

పాత కంప్యూటర్ ఉన్నట్టుండి నీలి తెర చూపి ఆగిపోతే విండోస్ చెడిపోయిందనుకుంటారు. నిజానికి అది విండోస్ తీసుకునే జాగ్రత్త. తన లెక్కల్లో పొంతన కుదరడం లేదని విండోస్ మూలభాగమైన కెర్నెల్ పసిగట్టగానే, తప్పుడు సమాచారం డిస్కులోకి ఎక్కకుండా యంత్రాన్ని నిలిపేస్తుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. కొత్త విండోస్ ఎక్కని యంత్రాలను ఇంకొన్నాళ్లు నడుపుకోవాలనుకునేవారికి ఈ విషయం తెలిసి ఉండాలి.

పాత డ్రైవర్లు, అరిగిన హార్డ్‌డిస్కు, దుమ్ము పట్టిన ఫ్యాను, మదర్‌బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు నీలి తెరకు తెలిసిన కారణాలే. వీటన్నిటికంటే అద్భుతమైన కథ ర్యామ్‌ది.

1966లో ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్‌కు తట్టిన ఆలోచనే నేటికీ ర్యామ్‌కు ఆధారం: ఒక ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్ కలిస్తే ఒక బిట్టును దాచే గడి. కెపాసిటర్‌లో చార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఆ చార్జి చిల్లు కుండలో నీళ్లలా కారిపోతూనే ఉంటుంది. అందుకే సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గడినీ చదివి, మళ్లీ నింపాలి. 4 జీబీ ర్యామ్‌లో ఇలాంటి గడులు 3,400 కోట్లకు పైనే. కంప్యూటర్ ఖాళీగా ఉన్నట్టు కనిపించినా ఈ పని ఆగదు.

ఒక్క గడి బలహీనపడి, నింపేలోపే చార్జి కోల్పోయిందనుకుందాం. అది ఫొటోలో చుక్కయితే ఎవరికీ కనిపించదు. కెర్నెల్ వాడే చిరునామాలో 31వ బిట్టయితే, ఆ చిరునామా ఏకంగా 107 కోట్ల బైట్ల అవతలికి జరుగుతుంది. అక్కడ ఏమీ లేకపోతే నీలి తెరే.

బిట్లు ఎందుకు తిరగబడతాయన్న విషయంలో నిపుణులే చాలాకాలం ఒకవైపు మొగ్గారు. 1978లో ఇంటెల్ పరిశోధకులు టిమొతీ మే, ముర్రే వుడ్స్, చిప్ తొడుగులోని యురేనియం, థోరియం ఆనవాళ్ల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు బిట్లను మారుస్తున్నాయని చూపారు. గొప్ప పరిశోధన అది. ఆపైన కాస్మిక్ కిరణాలూ తోడై, మెమరీ తప్పులు చాలావరకు తాత్కాలికమేనన్న నమ్మకం స్థిరపడింది. 2009లో బియాంకా ష్రోడర్, గూగుల్ పరిశోధకులు వేలాది సర్వర్లను పరిశీలిస్తే, శాశ్వతంగా దెబ్బతిన్న గడుల పాత్రే ఎక్కువని తేలింది. ఉష్ణోగ్రత ప్రభావం మాత్రం అనుకున్నంత కనిపించలేదు.

రైల్వే వర్క్‌షాపు పనులకు వచ్చి తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డ ఖరగ్‌పూర్‌లో ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, ఆ వెంటనే వానాకాలపు చెమ్మ. అక్కడి ఇందా ప్రాంతంలోని ఇంట్లో కంప్యూటర్ ఆగితే ఎండను నిందించేముందు ర్యామ్ అంచున బంగారు పూత పట్టీలను చూడాలి. చెమ్మకు అక్కడ మురికి పేరుకుంటే స్లాట్‌తో స్పర్శ చెడుతుంది. కరెంటు ప్లగ్గు తీసి, ర్యామ్ ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని బట్టతో తుడిచి తిరిగి బిగించాలి. పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దితే పలుచని పూత అరిగిపోతుంది.

నీలి తెర మీది కోడ్ ప్రతిసారీ మారుతుంటే ర్యామ్‌ను, ఒకే కోడ్‌తో ఒకే ఫైలు పేరు వస్తుంటే డ్రైవర్‌ను ముందు అనుమానించాలి. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 అనే మెమరీ పరీక్ష ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడిపితే, అది దాదాపు ప్రతి గడిలో రాసి, చదివి సరిచూస్తుంది. ఒక్క తప్పు కనిపించినా ర్యామ్ కడ్డీలను ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి. తప్పును తానే దిద్దుకునే ఈసీసీ మెమరీని తయారీదారులు ఎక్కువగా సర్వర్లకే ఇచ్చి, ఇళ్లలోని కంప్యూటర్లకు అంతగా ఇవ్వకపోవడం అన్యాయం.

మెమరీ పరీక్ష కాకుండా డిస్కు ఫార్మాట్‌కు ఒప్పుకోవద్దు. చెడిన ర్యామ్‌తో విండోస్ మళ్లీ ఎక్కిస్తే, కొత్తగా ఎక్కే ఫైళ్లూ ఆ ర్యామ్ గుండానే డిస్కుకు చేరతాయి.